తిరగబెట్టిన నొప్పికి సంజాయిషీ

కీళ్ళవాతం వున్న ఆడవాళ్ళందరూ ఎప్పుడో ఒకప్పుడు జవాబు చెప్పుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. “మళ్ళీ ఎందుకు తిరగబెట్టింది?” అడిగేవాళ్ళు ప్రేమగానే అడుగుతారు. అత్తగారు, అక్క, పక్కింటావిడ, ఆస్పత్రిలో నర్సు, ఒక్కోసారి డాక్టరు. దాని వెనకే ఇంకో ప్రశ్న నిలబడి వుంటుంది. “నువ్వేం చేశావు?” చన్నీళ్ళలో నానావా, వంకాయ తిన్నావా, మందు మానేశావా, అర్ధరాత్రి దాకా కూచుని చదివావా? రోగం గురించి మొదలైన మాట రెండో వాక్యానికల్లా నడవడి మీదికి మళ్ళుతుంది. ఇది వైద్యం అడిగే ప్రశ్నా, నీతి అడిగే ప్రశ్నా అన్నది నన్ను చాలాకాలంగా వదలడం లేదు. నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ వచ్చి ఏడేళ్ళయింది. అమ్మకి పాతికేళ్ళు దాటింది.

ముందు ఈ జబ్బు గురించి కొంత చెప్పాలి. మనవాళ్ళు ‘వాతం’ అన్న ఒక్క మాటలో పది జబ్బుల్ని కలిపేస్తారు కదా. వయసుతో, బరువుతో, పనితో మోకాలి కీలు అరిగిపోవడం వేరు. రుమటాయిడ్ వేరు. ఇందులో బయటినుంచి వచ్చే క్రిములతో పోరాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే కీలు లోపలి పొర మీద తిరగబడుతుంది. ఇది ముసలితనపు జబ్బు కాదు. ముప్పైల్లో, నలభైల్లో మొదలవడం మామూలే. మగవాళ్ళ కంటే ఆడవాళ్ళకి రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది. వేళ్ళ కణుపులు, మణికట్లు, పాదాల ముందు భాగం రెండు వైపులా వాస్తాయి. పొద్దున్న లేచాక గంటో, రెండు గంటలో పిడికిలి మూతపడదు. కొన్నాళ్ళు అణిగి వుంటుంది. ఒకరోజు తిరగబెడుతుంది. ఇంగ్లీషు వాళ్ళు దీన్ని భగ్గుమనడం అంటారు. నాకు మాత్రం మన మాటే నిజమనిపిస్తుంది. వెళ్ళిపోయిందనుకున్నది దారి గుర్తుపెట్టుకుని వెనక్కి రావడం.

ఎందుకొస్తుందో కొంత తెలుసు. మందులు మధ్యలో ఆపడం బాగా తెలిసిన కారణాల్లో ఒకటి. జ్వరం చేసినా, ఇన్‌ఫెక్షన్ వచ్చినా రావచ్చు. నిద్ర చాలకపోవడం, పెద్ద దిగులు, ఆగకుండా చేసే ఒకే రకం పని కూడా కొందరికి కారణమవుతాయి. పొగ తాగడం జబ్బు వచ్చే అవకాశాన్నీ, వచ్చాక దాని తీవ్రతనీ కూడా పెంచుతుంది. (శ్రీకాకుళం పల్లెల్లో నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డచుట్ట కాల్చే అవ్వలకి ఈ సంగతి ఎవరైనా కూచుని చెప్పారా అని నాకు అనుమానం.) తిండి సంగతికొస్తే, ఫలానా కూర తింటే అందరికీ కీళ్ళు వాస్తాయని చెప్పడానికి ఆధారం లేదు. అయినా అమ్మ ఇరవై ఏళ్ళు వంకాయ, గోంగూర, చేమదుంప ముట్టలేదు. నొప్పి తగ్గలేదు గానీ పథ్యం మిగిలింది. ఇక ఇవన్నీ జాగ్రత్తగా చూసుకున్నా, వేళకి మాత్ర వేసుకున్నా, ఏ కారణమూ చెప్పకుండా ఒక తెల్లవారుజామున అది రావచ్చు.

కారణం వేరు, తప్పు వేరు. వాన పడకపోవడానికి కారణం వుంటుంది. దాన్ని తప్పు అనం. ఆడవాళ్ళ ఒంటి దగ్గరికొచ్చేసరికి ఈ రెంటికీ మధ్య గీత చెరిగిపోతుంది. ఎలా చెరుగుతుందో చూడ్డానికి రెండు వాపుల్ని పక్కపక్కన పెడతాను. ఒక సంక్రాంతికి అత్తగారింట్లో రెండు రోజులు అరిసెల పాకం కలిపి, నొక్కి, కుడి మణికట్టు కమిలినట్టు వాచింది. “పాపం, ఒంట్లో బాగాలేకపోయినా ఎంత కష్టపడిందో” అన్నారు. ఆ తర్వాతి ఏడాది సిద్ధాంత వ్యాసం చివరి అధ్యాయం రాస్తూ అదే మణికట్టు, అంతే వాచింది. “అంత అవసరమా? ఆరోగ్యం చూసుకోవద్దూ?” అన్నారు. పాకం తిప్పావా, పేజీ రాశావా అన్నది కీలుకి తెలియదు. తెలిసింది మనుషులకి. ఇంటికోసం వచ్చిన నొప్పి త్యాగం, నాకోసం నేను చేసుకున్న పనివల్ల వచ్చిన నొప్పి నిర్లక్ష్యం. నొప్పి ఎలా వచ్చిందన్నది పైకి అడిగే ప్రశ్న. తీర్పు మాత్రం అది ఎవరి కోసం వచ్చిందన్న దాని మీద నడుస్తుంది.

దీనికంటే పెద్ద ఉదాహరణ కాన్పు. ఈ జబ్బుకి ముందుగా ఇచ్చే ముఖ్యమైన మందు మెథోట్రెక్సేట్. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన పరిశోధనల్లోంచి వచ్చిన మందుల కుటుంబం అది. మొదట కాన్సర్ కోసం వాడారు. అదే కుటుంబంలోని అమినోప్టెరిన్‌ని 1951లోనే కీళ్ళవాతం వున్నవాళ్ళకి ఇచ్చి చూసినా, మెథోట్రెక్సేట్‌కి ఈ జబ్బు కోసం అమెరికాలో అనుమతి వచ్చింది 1988లో. అప్పటికి సుబ్బారావు పోయి నలభై ఏళ్ళు. వారానికి ఒక్కరోజే వేసుకోవాల్సిన మందు ఇది. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. మర్నాడు వికారం పెడుతుంది కాబట్టి చాలామంది శనివారం రాత్రి వేసుకుంటారు. ఆదివారం చుట్టాలొస్తున్నారని ఆ వారం మాత్ర ఎగ్గొట్టే ఆడవాళ్ళు నాకు తెలుసు. ఈ మందు కడుపులో పిండానికి హాని చేస్తుంది. బిడ్డ కావాలనుకుంటే ముందుగానే డాక్టరుతో మాట్లాడి, దీన్ని ఆపి, గర్భిణులు వాడదగ్గ వేరే మందులకి మారాలి.

విచిత్రం ఏమిటంటే గర్భం వచ్చాక చాలామందికి నొప్పి దానంతటదే తగ్గుతుంది. మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే వైద్యుడు ఈ సంగతి గమనించి, ఒంట్లోనే తయారయ్యే ఏదో పదార్థం ఈ జబ్బుని అణచగలదని నమ్మాడు. 1948లో కార్టిసోన్‌ని మొదటిసారి ఇరవై తొమ్మిదేళ్ళ స్త్రీకి ఇచ్చారు. కదల్లేని మనిషి కొద్ది రోజుల్లో లేచి నడిచింది. 1950లో హెంచ్‌కీ, మరో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. గర్భిణీ స్త్రీల శరీరాలు ఇచ్చిన ఆనవాలు లేకపోతే ఆ బహుమతి లేదు. అయితే ఆ తగ్గడం పురుడుతో సరి. కాన్పయిన కొన్ని నెలల్లో ఎంతోమందికి జబ్బు తిరగబెడుతుంది. సరిగ్గా పసిపిల్లని రోజుకి ఇరవైసార్లు ఎత్తాల్సిన చేతులకే.

ఇంత స్పష్టంగా ముందే తెలిసే తిరగబెట్టడం ఇంకొకటి లేదేమో. మరి దీని గురించి “ఎందుకు కోరి తెచ్చుకున్నావు?” అని ఏ పెద్దమ్మా అడగదు. తెచ్చుకోనన్నవాళ్ళనే సంజాయిషీ అడుగుతారు. నాకు పిల్లలు లేరు. ఎందుకు లేరో ఇక్కడ చెప్పను.

ఈ నింద పాతదే. పద్దెనిమిదో శతాబ్దం చివరిదాకా యూరప్‌లో కీళ్ళు వాచాయంటే ముందు గుర్తొచ్చేది గౌట్. గౌట్ అంటే మాంసం, మద్యం, డబ్బున్న మగవాళ్ళు. భోగానికి శిక్ష. 1800లో పారిస్‌లో లాండ్రే బోవే అనే యువ వైద్యుడు సాల్‌పెట్రియేర్ ఆస్పత్రిలో తను చూసిన కొందరు రోగుల గురించి తన పట్టా కోసం రాశాడు. అది బీద స్త్రీలని చేర్చుకునే చోటు. తొమ్మిది మంది రోగులూ ఆడవాళ్ళే. వాళ్ళెవరూ విందులు చేసి కీళ్ళు పాడుచేసుకున్నవాళ్ళు కాదు. గౌట్ పేరుకే ఇంకో విశేషణం తగిలించి దీన్ని వర్ణించాడు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అన్న పేరు 1859లో ఇంగ్లండులో ఆల్‌ఫ్రెడ్ గారడ్ పెట్టాడు. పేరు విడిపోయింది గానీ, కీలు వాస్తే మనిషి ఏదో చేసే వుండాలన్న పాత నమ్మకం మాత్రం విడిపోలేదు. భోగం ఎరగని ఆడవాళ్ళకి కూడా అది అంటుకునే వుంది.

ఇంతా చెప్పి, నివారణ అనేదే లేదని నేను అనబోవడం లేదు. వుంది. చక్కగా పనిచేస్తుంది కూడా. మొదటి రెండేళ్ళలో మందు మొదలుపెట్టినవాళ్ళ చేతులకీ, అమ్మ చేతులకీ ఎంత తేడా వుందో రోజూ చూస్తున్నాను. అమ్మకి మొదలైనప్పుడు ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు నొప్పి బిళ్ళలూ, స్టెరాయిడూ కలిపి పొట్లం కట్టి ఇచ్చేవాడు. నొప్పి ఆ పూటకి పోయేది. కీలు లోపల తినేస్తూనే వుండేది. ఇవాళ అమ్మ వేళ్ళు నాలుగూ చిటికెన వేలి వైపుకి, గాలికి ఒరిగిన జొన్న మొక్కల్లా వంగి వుంటాయి. అందుకే ‘అంతా కర్మ, మన చేతిలో ఏముంది’ అనే మాట కూడా నాకు సమ్మతం కాదు. అది నిందని తీసేస్తుంది గానీ దాంతోపాటే మన చేతనైన దాన్ని కూడా తీసుకుపోతుంది.

కీళ్ళని కాపాడుకోవడానికి చెప్పే సూత్రాలు సులువుగానే వుంటాయి. వేళ్ళతో మోసేది అరచేతులతో మొయ్యి, అరచేతులతో మోసేది మోచేతుల మీద మొయ్యి. పిండడం, మెలితిప్పడం మానెయ్యి. ఇరవై నిమిషాలకోసారి పని ఆపు, నొప్పి మొదలయ్యాక కాదు, మొదలవక ముందే ఆపు. బాగున్న రోజుల్లో వ్యాయామం మానకు. వేడెక్కి వాచిన కీలు మీద చల్లటి గుడ్డ వేసుకో, పొద్దుటి బిగుతుకి వేణ్ణీళ్ళు పోసుకో. వీటిని తీసుకెళ్ళి మన వంటింట్లో పెట్టి చూడండి. కుక్కర్ మూత తిప్పడం, తడి చీర పిండడం, చపాతీ పిండి మెదపడం, కొబ్బరి కోరడం, మసిగుడ్డతో గిన్నె పట్టుకుని అన్నం వార్చడం, గ్యాసు రెగ్యులేటర్ మెలితిప్పడం. మానెయ్యాల్సిన కదలికలన్నీ ఒక్క పొద్దుటి వంటలోనే వున్నాయి. ‘మానెయ్యి’ అన్నది సగం వాక్యం. మానేస్తే ఎవరు చేస్తారన్నది మిగతా సగం. ఆస్పత్రుల్లో పంచే కరపత్రాల్లో నాకు మొదటి సగమే కనిపించింది.

వైద్యులు జబ్బు తీవ్రతని లెక్కకట్టే పద్ధతుల్లోనూ ఈ సగం మాటలున్నాయి. ఎక్కువగా వాడే ఒక కొలత ఇరవై ఎనిమిది కీళ్ళని నొక్కి చూస్తుంది. భుజాలు, మోచేతులు, మణికట్లు, వేళ్ళు, మోకాళ్ళు. చీలమండలూ పాదాలూ ఆ లెక్కలో లేవు. రోజంతా గచ్చు మీద ఉత్తకాళ్ళతో నిలబడేవాళ్ళకి నొప్పి మొదలయ్యేదే అక్కడ! రోజువారీ పనుల గురించి అడిగే ప్రశ్నావళి మాత్రం కొంత మెరుగు. 1980లో అమెరికాలో వచ్చిన దాంట్లో తొట్టిస్నానం గురించీ, పాల డబ్బా తెరవడం గురించీ అడిగారు. మన దేశానికి తగ్గట్టు మార్చినప్పుడు చీర కట్టుకోగలవా, బాసింపట్టు వేసుకుని కూచోగలవా, ఆటో ఎక్కగలవా అని చేర్చారు. ఎవరో తెలిసినవాళ్ళు కూచుని రాశారని సంతోషించాను. అయితే అందులోనూ ‘చెయ్యగలవా’ అనే అడుగుతారు గానీ ‘చెయ్యకపోతే ఊరుకుంటారా’ అని అడగరు. అమ్మని ఒకసారి ఆస్పత్రిలో “నొప్పి సున్నా నుంచి పదిలో ఎంతమ్మా?” అని అడిగారు. అమ్మ ఒక్క క్షణం ఆలోచించి “ఏ పని చేసేటప్పుడు?” అని ఎదురడిగింది. అడిగినమ్మాయి నవ్వి, ఆరు అని వేసుకుంది.

వర్జీనియా ఉల్ఫ్ 1926లో జబ్బుపడడం గురించి రాసిన వ్యాసంలో నొప్పిని చెప్పడానికి ఇంగ్లీషులో మాటలు లేవని వాపోయింది. తెలుగులో ఆ కొరత నాకెప్పుడూ కనిపించలేదు. సలుపు, పోటు, తీపు, గుంజు, లాగు, మంట, నస. ఒక్కొక్కటీ వేరే నొప్పి, అమ్మ ఏది ఏ కీలులో వుందో విడదీసి చెప్పగలదు. మాటలు లేక ఆగిపోయిందేమీ లేదు. వినేవాళ్ళు ఆ మాట విన్న వెంటనే పని పంచుకోవాల్సి వస్తుందనే భయం వల్ల ఆగిపోయింది.

అసలు చిక్కు ఇక్కడుంది. నా సహచరుడు వంట చేస్తాడు. బాగానే చేస్తాడు. ఎప్పుడు? నా వేళ్ళు వాచినప్పుడు. వాపు తగ్గగానే వంటిల్లు మాటామంతీ లేకుండా మళ్ళీ నా చేతికొస్తుంది. చెడ్డ మనిషి కాదు, లోకం తీరే అంత. కళ్ళకి కనిపించే నొప్పికే మన ఇళ్ళల్లో సెలవు. కానీ నివారణ అన్నది నొప్పి లేని రోజు అడిగేది. ముఖం కళగా వుండి, చేతులు మామూలుగా వుండి, అందరూ ‘ఇవాళ బాగున్నట్టున్నావే’ అన్న రోజున పని మధ్యలో ఆపి కూచోమంటుంది. అలా కూచున్న ఆడదానికి మన భాషలో వున్న పేరు బద్ధకం. ఆ పేరు పడలేక ఆమె పని చేస్తుంది, చేసి నొప్పి తెచ్చుకుంటుంది. అప్పుడు విశ్రాంతి దొరుకుతుంది. అంటే విశ్రాంతి ఖరీదు తిరగబెట్టడమే. అలాంటి లెక్కలో బతికే మనిషిని పట్టుకుని “ముందే ఎందుకు జాగ్రత్తపడలేదు?” అనడం ఏం న్యాయం? ఆ ప్రశ్నని వాపు రోజున నన్ను కాదు, బాగున్న రోజున ఇంట్లో మిగతావాళ్ళని అడగాలి. మేమిద్దరం వారంలో నాలుగు రోజుల వంట ఆయనదని రాసి గోడకి అంటించుకున్నాం. నా చేతులు ఎలా వున్నాయన్న దాంతో సంబంధం లేకుండా. మొదటి నెలలో ఆయన రోజూ పొద్దున్నే నా వేళ్ళ వంక చూసేవాడు.

ఇంతవరకూ చెప్పింది తేలిక. తేలిక కానిది ఇంకొకటుంది. గిన్నెలు, బట్టలు, ఇల్లు తుడవడం మాకు ఇద్దరికీ కాక మూడో మనిషి చేస్తుంది. యాభై దాటిన ఆమె రోజుకి నాలుగిళ్ళలో పని చేస్తుంది. ఆమెకి రుమటాయిడ్ లేదు. మోకాళ్ళు అరిగాయి. గొంతుక్కూచుని తుడిచి, గొంతుక్కూచుని తోమి అరిగాయి. నన్ను పిండొద్దన్న తడి బట్టల్ని ఆమె పిండుతోంది. నన్ను వంగొద్దన్న గచ్చు మీద ఆమె వంగుతోంది. నా నివారణ ఒక శరీరంలోంచి ఇంకో శరీరంలోకి బదిలీ అవుతోంది. దానికి జీతం ఇస్తున్నాను కదా అనొచ్చు. జీతం పనికిచ్చేది. కీలుకి ధర కట్టి కొనుక్కునే హక్కు దాంతో రాదు. పోనీ ఆమెని మాన్పించి నా చేతులు పవిత్రం చేసుకుందామా? అప్పుడు ఆమెకి ఒక ఇంటి జీతం పోతుంది, నాకు ఒక సంతృప్తి మిగులుతుంది. అది ఇంకా అన్యాయం.

మన స్త్రీవాద చర్చల్లో ఇంటి చాకిరీ గురించి చాలా రాసుకున్నాం. ఎంతో అవసరమైన రాతలే. వాటిలో ‘నేను ఇక చెయ్యను’ అన్న మాట దగ్గర ఒక విముక్తి వుంటుంది. ఆ మాట తర్వాత చీపురు ఎవరి చేతికి వెళ్ళిందో చూడడం ఆ విముక్తిని తగ్గించడమేమీ కాదు. కొన్ని మార్పులు చేశాం. నిలబడి తుడిచే పొడుగు కర్ర, ఎత్తు మీద సింకు, పిండే పనికి మిషను. ఆమెకి మోకాళ్ళు పట్టేసిన రోజున జీతం కోయని సెలవు. ఈ సెలవు గురించి చెప్పినప్పుడు ఆమె వెంటనే ఒప్పుకోలేదు. “మిగిలిన మూడిళ్ళల్ల ఒప్పుకుంటరా? ఇక్కడ కూసుంటే అక్కడ కోస్తరు” అంది. ఆ పైన నా వేళ్ళకేసి చూసి, “నాయి గూడ కీళ్ళే గదమ్మా” అంది. కోపంగా అనలేదు. ఉన్నమాట అన్నట్టు అంది. ఒక్క ఇంట్లో సర్దుకునే నీతి నాలుగిళ్ళ పనిని మార్చలేదు. ఆ మాటకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. లేదని చెప్పి ఊరుకోవడం కూడా సరిపోదు కాబట్టి మా వీధిలో మిగతా మూడిళ్ళ వాళ్ళతో మాట్లాడుతున్నాను. ఒకరు ఒప్పుకున్నారు.

ఇక మిగిలింది బాగున్న రోజు సంగతి. నొప్పి లేని రోజు ఎవరిది? డాక్టర్లు దాన్ని పొదుపు చెయ్యమంటారు. ఇల్లు దాన్ని తనకి బాకీ అంటుంది, ‘ఇన్నాళ్ళు పడుకున్నావుగా, ఇవాళన్నా…’ అని. రెండు వైపులా ఆ రోజు నాది కాకుండానే పోతుంది. జాగ్రత్తలన్నీ పాటించి కూడబెట్టిన ఓపికని దేనికి ఖర్చుపెట్టాలో నిర్ణయించుకునే హక్కు నాకు లేకపోతే, ఆ జాగ్రత్త ఇంకో రకం చాకిరీయే కదా. రేపు కొంత నొప్పి వస్తుందని తెలిసీ ఇవాళ నాకిష్టమైన పని చెయ్యడం నిర్లక్ష్యమని నేననుకోను. మందు మానడం లేదు, రక్త పరీక్షలు మానడం లేదు, కీలు శాశ్వతంగా పాడయ్యే పని చెయ్యడం లేదు. ఆ హద్దు లోపల ఎంత నొప్పికి ఎంత సంతోషం అన్న బేరం నాది. దాన్ని ఇంకొకరు నా తరఫున ఆడలేరు.

ఈ మాట నాకంటే ముందు అమ్మకే తెలుసు. పోయిన ధనుర్మాసంలో తెనాలి వెళ్ళినప్పుడు ఒక పొద్దున పదిహేను చుక్కల ముగ్గు పెడతానంది. ఇంటిముందు సిమెంటు చేశాక స్టిక్కరు ముగ్గులే. చుట్టుపక్కల వాళ్ళెవరూ అడగలేదు, పండగా కాదు. ముందురోజు వాపు లేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి నిలవదు కాబట్టి గుప్పిట్లోంచి వదిలింది. లావు గీతలు పడ్డాయి. మధ్యలో రెండుసార్లు పీట మీద కూచుంది. తమ్ముడు “ఎందుకమ్మా ఇదంతా, మళ్ళీ తిరగబెడుతుంది” అన్నాడు. “తిరగబెడితే నువ్వు వండు” అంది.

తిరగబెట్టింది. మూడు రోజులు మణికట్టు ఎత్తలేకపోయింది. ఆ మూడు రోజులూ తమ్ముడే వండాడు. పప్పులో ఉప్పెక్కువైందని అమ్మ పూటపూటా చెప్పింది.